చెప్పకపోయినా ఉన్నట్టే: ఆర్ భాషలో ఐచ్ఛిక ఆర్గ్యుమెంట్లు

"అన్నం తిన్నావా?" అనే వాక్యంలో "నువ్వు" కనబడదు, కానీ ఉన్నట్టే లెక్క. వ్యాకరణంలో దీన్ని అధ్యాహారం అంటాం. గణాంకాల కోసం తయారైన ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోనూ ఇలాంటిదే ఒకటుంది.

ఫంక్షన్‌కి మనం అందించే సమాచారమే ఆర్గ్యుమెంట్. "రౌండ్" ఫంక్షన్‌కి 3.14159 ఒక్కటే ఇస్తే 3 వస్తుంది. ఎన్ని దశాంశాలో చెప్పలేదు కాబట్టి సున్నా అనుకుంటుంది. "డిజిట్స్ = 2" అని చెప్తే 3.14 వస్తుంది. ఇలా చెప్పనప్పుడు తీసుకునే విలువను డిఫాల్ట్ అంటారు.

ఇక ఆర్గ్యుమెంట్ పేరు మన విభక్తి లాంటిది. "అక్క చెల్లికి పుస్తకం ఇచ్చింది", "చెల్లికి పుస్తకం అక్క ఇచ్చింది" రెండింటికీ అర్థం ఒకటే, "కి" ఉంది కాబట్టి. మా ఇంట్లో మాట్లాడే కన్నడలోనూ అంతే. ఆర్‌లో పేరు రాస్తే వరస మారినా ఫర్వాలేదు. పేరు రాయకపోతే వరసే దిక్కు.

మనమే ఒక ఫంక్షన్ రాద్దాం. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లీషులో కొట్టాలి.

సగటు <- ఫంక్షన్(మార్కులు, దశాంశాలు = 1, ఖాళీ_వదులు = ఫాల్స్) {
రౌండ్(మీన్(మార్కులు, ఎన్ఏ.ఆర్ఎమ్ = ఖాళీ_వదులు), దశాంశాలు)
}

మార్కులు తప్పకుండా ఇవ్వాలి. మిగతా రెండూ మన ఇష్టం.

నలుగురిలో ముగ్గురికి 18, 20, 22 వచ్చాయి, ఒకమ్మాయి పరీక్షకి రాలేదు అనుకోండి. ఆమె మార్కు దగ్గర "ఎన్ఏ" అని రాస్తాం. డిఫాల్ట్‌తో నడిపితే జవాబు కూడా ఎన్ఏనే. "ఖాళీ_వదులు = ట్రూ" అంటే సగటు 20. రానివాళ్ళకి సున్నా వేస్తే 15. లెక్క మూడు రకాలుగా వచ్చింది. ఏది సరైనదో యంత్రం తేల్చదు, మనిషే తేల్చాలి. ఫాల్స్‌ని డిఫాల్ట్‌గా పెట్టడంలో లాభం అదే. ఖాళీ ఉందన్న సంగతి దాచకుండా మనల్ని ఆపి అడిగినట్టు ఉంటుంది.

ఇంకో రెండు పద్ధతులున్నాయి. సరైన డిఫాల్ట్ ఏదీ తోచకపోతే "నల్" పెట్టి, విలువ ఇచ్చారో లేదో ఫంక్షన్ లోపల "ఈజ్.నల్"తో చూసుకోవచ్చు. మూడు చుక్కలు పెడితే, మనం ముందుగా ఊహించని ఆర్గ్యుమెంట్లని కూడా తీసుకుని లోపలి ఫంక్షన్‌కి అందించవచ్చు. కానీ జాగ్రత్త! "మీన్"కి చుక్కలున్నాయి. అందుకే "ఎన్ఏ.ఆర్ఎమ్" బదులు "ఎన్ఏ.ఆర్ఎన్" అని కొట్టినా అది తప్పు చూపించదు, ఊరికే ఎన్ఏ ఇస్తుంది.

డిఫాల్ట్ అంటే వాడేవాళ్ళ తరఫున మనం ముందే తీసుకునే నిర్ణయం. వాళ్ళు పట్టించుకోకుండా వదిలేసినా తప్పుదారి పట్టించని విలువనే పెట్టాలి, అది ఏమిటో పైన ఒక వ్యాఖ్యగా రాయాలి.