కట్ట తెగిన తరువాత

కడప జిల్లా నీటి కరవును తరతరాలుగా ఎరిగిన సీమ. ఇక్కడ చెరువు నిండితే ఊరంతటికీ పండుగ. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల మీదుగా పెన్నానది ప్రవహిస్తుంది. జమ్మలమడుగు సమీపాన మైలవరం, గండికోట జలాశయాలు ఉన్నాయి. పులివెందుల ప్రాంతానికి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఆధారం. ఇటువంటి చోట జలాశయ నిర్మాణం ఎప్పుడూ శుభవార్తయే. అయితే కట్టిన జలాశయం కూలిపోతే ఏమి చేయాలి? తిరిగి కట్టాలా? ఎట్లా కట్టాలి? పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు 2021లో ఈ ప్రశ్నలను జిల్లా ముందు నిలిపినది.

రాజంపేట మండలంలో చెయ్యేటిపై నిర్మించిన ఆనకట్టకు తాళ్లపాక అన్నమాచార్యుల పేరిట అన్నమయ్య ప్రాజెక్టు అని పేరు. దాని నిల్వ సామర్థ్యం 2.24 టి.ఎం.సి.లు. ఆయకట్టు సుమారు 22,500 ఎకరాలు. 2021 నవంబరు 19వ తేదీ వేకువన, కార్తిక పౌర్ణమి వేళ, ఈ ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయినది. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట కూడా ఆ వరదలోనే తెగినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు మొదలైన గ్రామాలను నీరు ముంచెత్తినది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఇండ్లు, పశువులు కొట్టుకొనిపోయాయి. పచ్చని పొలాలలో ఇసుక మేటలు వేసినది.

కట్ట ఎందుకు తెగినది? దీనికి రెండు సమాధానాలు వినవచ్చాయి. స్పిల్‌వే 2.17 లక్షల క్యూసెక్కులను మాత్రమే వదలగలదనీ, వచ్చిన వరద 3.20 లక్షల క్యూసెక్కులనీ నాటి రాష్ట్ర ప్రభుత్వం తెలిపినది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి 2021 డిసెంబరులో రాజ్యసభలో పేర్కొన్నారు. ఈ రెండింటి భేదం సామాన్యమైనది కాదు. వరద పెద్దదైతే స్పిల్‌వేను పెంచాలి. గేటు మొరాయించినదైతే నిర్వహణను సరిదిద్దాలి. స్పిల్‌వేను ఎంత విశాలంగా కట్టినా, గేట్లు కదలకపోతే ప్రయోజనం లేదు. గేట్లన్నీ సక్రమంగా ఉన్నా, అంచనాకు మించిన నీరు వస్తే కట్ట మీదుగా పొర్లుతుంది. అట్లా పొర్లిన నీటికి మట్టికట్ట ఎక్కువసేపు నిలువదు. కనుక కారణం తేల్చకుండా పునాది తీయడం, రోగం తెలియకుండా మందు వేయడం వంటిది.

ఇట్టి సమస్య ఇతర దేశాలలోనూ కనిపిస్తుంది. అమెరికాలోని శాన్‌డియాగో నగరంలో, ఓషన్ బీచ్ వద్ద, సముద్రంలోకి 1,971 అడుగుల పొడవున సాగిన కాంక్రీటు వంతెన ఒకటి 1966లో ప్రారంభమైనది. పడవ లేని సామాన్యుడు కూడా దానిపై నిలిచి గాలం వేసి చేపలు పట్టేవాడు. అలల తాకిడికి పలుమార్లు దెబ్బతిన్న ఆ వంతెనను 2023 అక్టోబరులో మూసివేశారు. మరమ్మతు చేయడమా, పాతదానిని బలపరచడమా, కొత్తది కట్టడమా అని నిపుణులు బేరీజు వేశారు. పెరుగుతున్న సముద్రమట్టాన్ని లెక్కలోనికి తీసుకున్నారు. ప్రజల అభిప్రాయాలను సేకరించారు. చివరకు పాతదాని స్థానంలో కొత్తది నిర్మించాలని నగరపాలకులు నిశ్చయించారు.

చేపల వంతెన మూతపడితే కొందరి జీవనానికీ వినోదానికీ లోటు. ఆనకట్ట విషయంలో భారం ఇంకా పెద్దది. తిరిగి కట్టకపోతే ఆయకట్టు రైతుకు నీరుండదు. కట్టి నిర్లక్ష్యం చేస్తే దిగువ గ్రామానికి రక్షణ ఉండదు. నీరు కావలసినవాడు ఒకడు, ప్రమాదానికి ఎదురుగా నివసించేవాడు మరొకడు కావచ్చు. ఇద్దరి మాట వినని అధ్యయనం అసంపూర్ణం.

2021 డిసెంబరులో ఆనకట్టల భద్రతా చట్టం ఆమోదం పొందినది. వర్షాకాలానికి ముందూ తరువాతా ఆనకట్టలను తనిఖీ చేయాలనీ, ఆపత్సమయానికి కార్యాచరణ ప్రణాళిక సిద్ధంగా ఉంచాలనీ ఆ చట్టం నిర్దేశిస్తున్నది. గేటుకు నూనె వేయడం, హెచ్చరిక ఊరి చివరి ఇంటికి చేరేటట్లు చూడడం శిలాఫలకాలకు ఎక్కే పనులు కావు. కాని ప్రాణాలను నిలిపేవి అవే. ఆనకట్టను కట్టడం కొన్ని సంవత్సరాల పని. దానిని కాపాడడం అది నిలిచి ఉన్నంత కాలపు పని. ఆ రెండవ పనికి సిద్ధపడిన సమాజానికే మొదటి పని చేసే అర్హత కలుగుతుంది.

ప్రశ్నలు

1. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగడానికి చెప్పిన రెండు కారణాలేవి? వాటి భేదం ఎందుకు ముఖ్యమైనది?
2. ఓషన్ బీచ్ వంతెన విషయంలో ఏయే అంశాలను పరిశీలించారు?
3. మీ ప్రాంతంలోని చెరువు లేక జలాశయం దిగువన ఏయే గ్రామాలున్నాయో తెలుసుకొని వ్రాయండి.