కాశీకి ఒంటరిగా పోతున్నారా? చేయవలసినవి - చేయకూడనివి

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే అనేవారు మన పెద్దలు. అడవులు, ఏరులు, దొంగల భయం, దారిలో అంటుకునే రోగాలు దాటుకుంటూ నెలల తరబడి నడవాల్సిన కాలం అది. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య హైదరాబాదు, నిర్మల్, నాగపూర్ దారిన కాశీ చేరి, 1831 సెప్టెంబరు 3న గాని తిరిగి ఇంటికి రాలేదు. వెంట పెద్ద పరివారమే ఉన్నా ఆయన మజిలీ మజిలీ సంగతులు రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు తెలియజేస్తూనే ఉన్నాడు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. తెలుగు యాత్రికులకు ఆయన చూపిన మొదటి జాగ్రత్త ఇదే: మనం ఎక్కడున్నామో ఎవరో ఒకరికి తెలుస్తూ ఉండాలి.

ఈ రోజు మన బాన్సువాడలో బస్సెక్కినవారు రెండో రోజుకల్లా గంగ ఒడ్డున నిలబడవచ్చు. తోడు దొరకని పెద్దమ్మలు, ఉద్యోగ విరమణ చేసిన సార్లు, లోకం చూడాలనుకునే చదువుకునే పిల్లలు ఒంటరిగా బయల్దేరుతున్నారు. అందులో తప్పేమీ లేదు. ఒంటరిగా పోవడం వేరు, ఎవరికీ తెలియకుండా పోవడం వేరు. ఈ తేడా గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ సులువుగా పట్టుబడతాయి.

బయల్దేరే ముందు

చేయవలసినవి:

- కాలం చూసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తిరగడానికి హాయిగా ఉంటుంది. అయితే డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్ళు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు గంగకు వరద వస్తే ఘాట్ల మెట్లే కనిపించవు.
- బాన్సువాడకు రైలు లేదు. కామారెడ్డికో, నిజామాబాద్‌కో, నేరుగా సికింద్రాబాద్‌కో బస్సులో పోవాలి. మీ రైలు పొద్దున ఉంటే ముందురోజు సాయంత్రమే సికింద్రాబాద్ చేరుకోండి.
- రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. 60 ఏళ్ళు దాటిన మగవారికి, 45 ఏళ్ళు దాటిన ఆడవారికి కింది బెర్తు ఇచ్చే కోటా ఉంది. టికెట్‌లో వయసు సరిగ్గా రాయించండి.
- ఒక కాగితం మీద రైలు పేరు, బోగీ, బెర్తు, బస చేసే చోటు, అక్కడి ఫోన్ నంబరు, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేసే వేళ ఖాయం చేసుకోండి. ఆ వేళకు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే రాయండి.
- బీపీ, షుగర్ మందులు లెక్క కంటే ఐదు రోజులకు ఎక్కువ పెట్టుకోండి. డాక్టరు చీటీ నకలు మీ దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి ఉండాలి.

చేయకూడనివి:

- గది దొరకకపోతుందా అని బయల్దేరవద్దు. కాశీలో ఆంధ్రాశ్రమం, కరివేన సత్రం వంటి తెలుగువారి బసలున్నాయి. కొన్ని సత్రాలు, లాడ్జీలు ఒంటరివారికి గది ఇవ్వవు. "ఒక్కరమే వస్తున్నాం, ఇస్తారా?" అని ముందే అడిగి తెలుసుకోండి.
- ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి సత్రం నంబరునూ నమ్మి అడ్వాన్సు పంపవద్దు. సత్రాల పేర్లతో దొంగ నంబర్లు పెట్టి డబ్బు లాగేవారున్నారు. ఇదివరకు పోయివచ్చినవారిని అడిగి నంబరు తీసుకోండి.

రైల్లో, స్టేషన్లో

మొదటి తికమక స్టేషన్ పేర్ల దగ్గరే వస్తుంది. కాశీకి ఒకటి కాదు, చాలా స్టేషన్లున్నాయి. కంటోన్మెంట్ అని అందరూ పిలిచేది వారణాసి జంక్షన్. 2021 వరకు మండువాడీగా ఉన్నది ఇప్పుడు బనారస్. ఇవి కాక వారణాసి సిటీ, కాశీ అని మరో రెండు. మనవైపు నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో పోయేవారు దిగేది గంగకు అవతలి వైపునున్న పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో. 2018 వరకు దాని పేరు మొఘల్‌సరాయ్, ఇప్పటికీ ఆటోవాళ్ళ నోట ఆ పేరే వినిపిస్తుంది. అక్కడి నుంచి కాశీ పదిహేను కిలోమీటర్ల పైమాటే.

చేయవలసినవి:

- టికెట్ మీదున్న స్టేషన్ పేరు, దాని పాత పేరు రెండూ కాగితం మీద రాసుకోండి.
- బ్యాగును గొలుసుతో బెర్తుకు కట్టి తాళం వేయండి. డబ్బు, ఆధార్, టికెట్ ఒంటి మీదే ఉండాలి.
- అర్ధరాత్రి దిగాల్సి వస్తే తెల్లవారేదాకా స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే కూర్చోండి.

చేయకూడనివి:

- తోటి ప్రయాణికులు ఎంత మంచిగా మాట్లాడినా వారిచ్చిన చాయ్, బిస్కెట్, ప్రసాదం తీసుకోవద్దు. "ఉపవాసం" అనండి, ఎవరూ నొచ్చుకోరు.
- స్టేషన్ బయట మీ బ్యాగు పట్టుకుని "మీ సత్రం మూసేశారు, మంచి లాడ్జి చూపిస్తా" అనేవారి వెంట పోవద్దు. అక్కడే నిలబడి సత్రానికి మీరే ఫోన్ చేయండి.

గల్లీల్లో

మన బాన్సువాడలోనూ గల్లీలున్నాయి. కాని కాశీ గల్లీ వేరు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒత్తుకోవాలి. అందులోనే ఆవు, అందులోనే బైకు, అందులోనే మణికర్ణిక శ్మశాన ఘాట్‌కు పోయే శవయాత్ర. మూడు మలుపులు తిరిగేసరికి దిక్కు తెలియదు, ఫోన్లో మ్యాపు కూడా తడబడుతుంది.

చేయవలసినవి:

- దారి తప్పితే గాబరా పడకండి. "గంగ ఎటు?" అని అడిగి ఏదో ఒక ఘాట్‌కు చేరండి. ప్రతి ఘాట్ పేరూ గోడమీద పెద్దక్షరాలతో ఉంటుంది. వరద లేని రోజుల్లో ఒడ్డు వెంటే నడిచి మీ ఘాట్‌కు పోవచ్చు. అందుకే బసకు దగ్గరున్న ఘాట్ పేరు మొదటిరోజే కంఠతా పట్టండి.
- బస చిరునామా హిందీలో రాయించుకుని జేబులో పెట్టుకోండి.
- బాన్సువాడ బజారులో ఉర్దూ, హిందీ చెవిన పడని రోజు ఉండదు. ఆ మాటలే అక్కడ మీకు తోడు. దుకాణాల వాళ్ళను దారి అడగండి, మీ వెంటబడి వచ్చినవారిని కాదు.
- శవయాత్ర ఎదురైతే పక్కకు తప్పుకుని దారి ఇవ్వండి. ఆవులకు, ఆంబోతులకు కూడా అంతే.

చేయకూడనివి:

- చీకటిపడ్డాక కొత్త గల్లీలోకి పోవద్దు. గొదౌలియా నుంచి దశాశ్వమేధ ఘాట్‌కు పోయే పెద్ద రోడ్డు మీదుగానే వచ్చిపోండి. ఘాట్ దాకా ఆటోలు రావు, కొంతదూరం నడక తప్పదు.
- కోతులుండే చోట చేతిలో పండ్ల సంచి, ఫోను పట్టుకుని నడవవద్దు.
- ఠండాయి అనే పాల పానీయంలో భంగు లేదని గట్టిగా అడిగి తెలుసుకోకుండా గ్లాసు ముట్టవద్దు. అక్కడ లైసెన్సుతోనే భంగు అమ్ముతారు. తోడులేనివారికి ఆ మైకం ప్రమాదం.

గంగలో, ఘాట్లలో

అసి నుంచి వరుణ వైపు దాదాపు 84 ఘాట్లు. అన్ని ప్రమాదాల్లోకీ పెద్దది ఇక్కడే ఉంది, కనిపించదు కూడా. మెట్టు మీద మెట్టు దిగుతూ పోతాం, నీళ్ళలో చివరి మెట్టు ఎక్కడ ఆగిందో తెలియదు. ఆ తర్వాత అడుగు నేరుగా లోతులో పడుతుంది. నిజాంసాగర్ కాలువల్లో ఈదిన ధైర్యం గంగలో పనికిరాదు.

చేయవలసినవి:

- నలుగురు స్నానం చేస్తున్న చోటే దిగండి. గొలుసులు, కమ్మీలు ఉన్న ఘాట్ చూసుకుని, ఒక చేత్తో గొలుసు వదలకుండా మూడు మునకలు వేయండి. మోకాళ్ళ నొప్పులున్నవారు మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నా గంగాస్నానమే.
- పాచి పట్టిన మెట్ల మీద చెప్పులు విడిచి, పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టే దిగండి. వరద తీసిన తర్వాత మెట్ల మీద ఒండ్రు పేరుకుంటుంది, అప్పుడు మరీ జాగ్రత్త.
- పడవ ఎక్కేముందే కిరాయి మాట్లాడండి. మనిషికా, పడవకా, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తేల్చుకోండి. లైఫ్ జాకెట్ వేసుకుని తాళ్ళు బిగించుకున్నాకే పడవ కదలాలి.

చేయకూడనివి:

- అవతలి ఇసుక ఒడ్డున ఒంటరిగా నీళ్ళలో దిగవద్దు. ఇసుక కింద లోతు చెప్పలేం.
- వరద రోజుల్లో అధికారులు పడవలు ఆపేస్తారు. అప్పుడు "నేను తీసుకుపోతా" అనేవారి పడవ ఎక్కవద్దు.
- మణికర్ణిక, హరిశ్చంద్ర ఘాట్లలో ఫోటోలు తీయవద్దు. అది ఎవరి ఇంటి దుఃఖమో. "పైకి రండి, బాగా కనిపిస్తుంది" అని మేడెక్కించి, దిక్కులేని శవాల కట్టెల కోసమంటూ వేలు అడిగేవారుంటారు. చేతులు జోడించి వచ్చేయండి.

గుడిలో

2021 డిసెంబరు 13న కాశీ విశ్వనాథ కారిడార్ ప్రారంభమయ్యాక గంగ ఒడ్డు నుంచే గుడికి దారి ఏర్పడింది. లోపలికి ఫోను, బ్యాగు, పెన్ను, ఎలక్ట్రానిక్ గడియారం తీసుకుపోనివ్వరు. ఒంటరి యాత్రికుడికి అసలు చిక్కు ఇదే. ఫోను లాకర్లో పెట్టిన ఆ రెండు మూడు గంటలూ మీ దగ్గర ఏ నంబరూ ఉండదు. అందుకే ఇంటి నంబరు, సత్రం నంబరు చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. దర్శనానికి పోయేముందు ఇంటికి ఫోన్ చేసి "మూడు గంటలు ఫోను ఉండదు" అని చెప్పండి. లేదంటే అక్కడ మీరు ప్రశాంతంగా ఉంటారు, ఇక్కడ ఇంట్లోవాళ్ళ ప్రాణం విలవిల్లాడుతుంది.

వీలైతే ఫోను బసలోనే తాళం వేసి పోండి. గేటు దగ్గర "లాకర్ ఉచితం" అని పిలిచి పూజసామాను బుట్టను వందలకు అంటగట్టే దుకాణాలున్నాయి, ధర ముందే అడగండి. ప్రత్యేక దర్శనం టికెట్ కావాలంటే ఆలయ ట్రస్టు సొంత వెబ్‌సైట్‌లోనో, కౌంటర్లోనో తీసుకోండి. "లైను లేకుండా తీసుకుపోతా" అనేవారికి డబ్బు ఇవ్వవద్దు. పితృకర్మలు చేయించాలంటే తెలుగు సత్రం ద్వారా పురోహితుడిని మాట్లాడుకోండి. దక్షిణ ఎంతో, సామాను అందులో కలిసిందో లేదో తేలనిదే సంకల్పానికి కూర్చోవద్దు.

జనం రద్దీలో

శివరాత్రి, శ్రావణ సోమవారాలు, కార్తీక పౌర్ణమి నాటి దేవ్ దీపావళి రోజుల్లో కాశీలో కాలు పెట్టే చోటుండదు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట తెలుగువారు మరిచిపోలేని గాయం. మొదటిసారి ఒంటరిగా పోయేవారు, ముసలివారు అలాంటి రద్దీ రోజుల్లో కాశీకి పోకపోవడమే మంచిది.

చేయవలసినవి:

- దశాశ్వమేధ ఘాట్ సాయంత్ర హారతికి గంట ముందే పోయి మెట్ల అంచున, బయటికి దారి కనిపించే చోట కూర్చోండి. హారతి అయ్యాక పావుగంట ఆగి లేవండి.
- జనంలో చిక్కుకుంటే చేతులు ఛాతీ ముందు పెట్టుకుని, ప్రవాహంతో పాటే కదులుతూ మెల్లగా ఏటవాలుగా పక్కకు రండి.

చేయకూడనివి:

- పడిపోయిన చెప్పు కోసం, సంచి కోసం జనంలో వంగవద్దు.
- జనానికి ఎదురు నడవవద్దు.

ఒంటరిగా పోయే ఆడవారికి

బస లోపలి గల్లీలో కాకుండా పెద్ద రోడ్డుకు దగ్గరగా చూసుకోండి. గది తలుపుకు లోపలి గడియ సరిగ్గా పడుతుందో లేదో డబ్బు కట్టేముందే చూడండి. "ఒక్కరే వచ్చారా?" అని దారిన పోయేవారు అడిగితే "మావాళ్ళు సత్రంలో ఉన్నారు" అని చెప్పండి, ఆ మాటలో పాపం లేదు. నగలు ఇంట్లోనే వదిలిపెట్టండి. వేళ్ళాడే పుస్తెలతాడును చీర లోపలికి సర్దుకోండి. ఎవరైనా వెంటబడుతున్నట్టు అనిపిస్తే దగ్గరున్న దుకాణంలోకో, ఆడవాళ్ళున్న గుంపులోకో పోయి గట్టిగా మాట్లాడండి. మొహమాటం అక్కడ పనికిరాదు.

ఆపద వస్తే

- ఏ ఆపదకైనా 112. అంబులెన్సుకు 108.
- రైల్లో దొంగతనం, అనారోగ్యం, వేధింపు ఏదైనా 139.
- ఆడవారి సహాయానికి 181.
- ఫోన్లో డబ్బు మోసపోతే ఆలస్యం చేయకుండా 1930.
- ఘాట్ల దగ్గర జల పోలీసులు ఉంటారు. పెద్ద జబ్బు చేస్తే బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోని సర్ సుందర్‌లాల్ ఆసుపత్రి ఉంది.

డబ్బంతా ఒకేచోట పెట్టవద్దు. రోజు ఖర్చు జేబులో, మిగతాది లోపలి సంచిలో, ఒక ఐదువందల నోటు బ్యాగు అడుగున ఉంచండి. ఆధార్ నకలు ఒకటి వేరుగా పెట్టుకోండి.

కాశీకి పోయినవారు గంగ చెంబుతో తిరిగొచ్చి, బంధువులను పిలిచి సమారాధన చేసి, తీర్థం పంచితేనే యాత్ర పూర్తయినట్టు మన దగ్గర లెక్క. అంటే క్షేమంగా ఇంటికి రావడమూ యాత్రలో భాగమే. టికెట్ కొనేముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎక్కడ ఉంటారో, ఎప్పుడు ఫోన్ చేస్తారో, ఎప్పుడు తిరిగి వస్తారో రాసి ఇంట్లోవారి చేతిలో పెట్టండి. ఆ తర్వాతే బాన్సువాడ బస్టాండుకు బయల్దేరండి.