ప్రాణహితకు ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ

సింగరేణిలో మొక్కల పెంపకం పని చేసి గోదావరిఖనిలోనే రిటైరయ్యాను. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల మీద వేప, కానుగ, వెదురు పెట్టించడమే నా కొలువు. మా అక్కను సిరొంచలో ఇచ్చారు. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, అయినా ఆ ఇంట్లో మాట తెలుగే. కాళేశ్వరం దగ్గర వంతెన రాకముందు పడవ మీద పోయి వచ్చేవాళ్లం. రెండు ఒడ్లూ ఎరిగినవాణ్ణని ఫారెస్టులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అదీ ఇదీ అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. కవ్వాల్ సంగతి తెలియాలంటే తాడోబా వైపు చూడాలి.

2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. కానీ దానికి పులులు రావలసింది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని తాడోబా వైపు నుంచే. తల్లిని వదిలిన పడుచు పులి సొంత జాగా వెతుక్కుంటూ సిర్పూర్, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, తిర్యాణి మీదుగా జన్నారం దిక్కు నడవాలి. ఆ దారిలో బల్లార్షా రైలు పట్టాలు, చంద్రపూర్ హైవే, పత్తి చేలు, మన బొగ్గు గనులు ఉన్నాయి. అందుకే చాలా పులులు కాగజ్‌నగర్ అడవుల్లోనే ఆగిపోతున్నాయి. నేను పెట్టించిన మొక్కల మీద నాకు ప్రాణం. వాటి నీడలో అడవి పందులు తిరుగుతుంటే సంతోషమే. అయినా ఒక మాట చెప్పాలి. పోయిన అడవికి బదులు వేరే జిల్లాలో నాటితే కాగితం మీద ఎకరాల లెక్క సరిపోతుంది. రెండు అడవులను కలిపే సన్నటి పట్టీ తెగిపోతే మాత్రం అది తిరిగి రాదు. గనికో రోడ్డుకో అనుమతి అడిగిన రోజునే రెండు రాష్ట్రాల పటాలూ ఒక్క బల్ల మీద పరిచి చూడాలి.

2. కబురు ఏనుగు కంటే ముందు నది దాటాలి.

ఛత్తీస్‌గఢ్ నుంచి గడ్చిరోలి అడవుల్లోకి 2021లో ఏనుగుల మంద వచ్చింది. 2024 ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఏనుగు ప్రాణహిత దాటి మన వైపు దిగింది. చింతలమానెపల్లి మండలం బూరెపల్లిలో ఒక రైతును, మర్నాడు పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో ఇంకో రైతును చంపింది. పులి అడుగు గుర్తుపట్టే ఊళ్లే అవి. కానీ చేలోకి ఏనుగు వస్తుందని అక్కడ ఎవరు అనుకుంటారు? రెండు ఇళ్లలో దీపాలు ఆరిపోయాక అది వచ్చిన నది వైపే తిరిగిపోయింది.

సిరొంచలో మా మేనల్లుడు జంతువు జాడ కనబడితే ఫోన్ చేస్తాడు. "మామా, మీ దిక్కు దిగినట్టుంది, చెన్నూరోళ్లకు చెప్పు, పైలం" అంటాడు. చుట్టాలు చేస్తున్న ఈ పని బీట్ ఆఫీసరు నుంచి బీట్ ఆఫీసరుకు, అదే గంటలో జరగాలి. పెద్దసార్ల మీటింగులు ఏడాదికి ఎన్ని అయినా, ఒడ్డున డ్యూటీ చేసేవాడి ఫోన్‌లో అవతలి ఒడ్డు డ్యూటీవాడి నంబరు లేకపోతే ఫలితం సున్నా.

3. ఒక్క దేశమే మందు ఆపితే రాబందు బతకదు.

బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. దాని రాతి అరుగుల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013లో తెలిసింది. మా చిన్నప్పుడు గొడ్డు చస్తే ఆకాశం నల్లబడేది. ఆ పక్షులు తొంభైల తర్వాత కనుమరుగయ్యాయి. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూదిమందే కారణమని పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన 2004లో బయటపెట్టింది. ఆ మందు పడిన గొడ్డు మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది.

అప్పుడు జరిగింది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ మూడూ పశువులకు ఆ మందును నిషేధించాయి. 2010లో బంగ్లాదేశ్ కలిసింది. సరిహద్దుల దగ్గర తుపాకులు ఎక్కుపెట్టుకునే దేశాలు కూడా ఒక పక్షి కోసం ఒకే మాట మీదకు వచ్చాయి. అక్కడితో పని అయిపోలేదు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే ఉన్నారు. 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాకే ఆ దారి ఇరుకైంది. గేదెకు సరిపడా మందు కావాలంటే చిన్న సీసాలు బోలెడు విప్పాలి కదా. ఆ తర్వాత కీటోప్రొఫెన్ కూడా అంతే విషమని తేలితే 2021లో ముందు ఆపింది బంగ్లాదేశ్. మనం 2023లో ఆపాం. చిన్న దేశం ముందు నడిస్తే వెనకాల నడవడానికి మనకు నామోషీ ఉండకూడదు. మెలోక్సికామ్ రాబందుకు హాని చేయదు. మీ ఊరి గోపాలమిత్ర సంచిలో ఏ సీసా ఉందో వెళ్లి చూడండి.

4. మంచి ఉపాయం ఎక్కడిదైనా తెచ్చుకోవాలి.

2024 నవంబరులో కాగజ్‌నగర్ దిక్కు గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న యువతిని పులి చంపింది. తర్వాత అక్కడి కూలీలు తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకుని చేలోకి వెళ్లారు. పులి వెనక నుంచే దూకుతుందని 1980లలో సుందర్బన్స్‌లో మొదలైన ఉపాయమిది. ఆ అడవి భారత్, బంగ్లాదేశ్‌లది. అక్కడి పులుల కోసం రెండు దేశాలూ 2011లో ఒప్పందం రాసుకున్నాయి.

5. దొంగలు కలిసే పనిచేస్తారు.

2019లో మందమర్రిలో పులి చర్మం దొరికింది. మన దగ్గర కరెంటు తీగకు పడిన పులి చర్మం, ఎముకలు కొనేవాళ్లు ఎక్కడో దేశం అవతల ఉంటారు. దక్షిణాసియా దేశాలు 2011లో భూటాన్‌లోని పారోలో వన్యప్రాణి నేరాల మీద ఉమ్మడి కూటమి పెట్టుకున్నది ఇందుకే. మీ పంచనామాలో తీగ ఎక్కడ కొన్నారు, ఎవరు ఎవరికి ఫోన్ చేశారు అన్నది సరిగ్గా రాయకపోతే ఆ కూటమికి అందేది ఏమీ ఉండదు.

6. ప్రాణానికి రెండు ఒడ్ల మీద రెండు వెలలు ఉండకూడదు.

వన్యమృగం చేతిలో మనిషి పోతే మన రాష్ట్రంలో 10 లక్షలు, మహారాష్ట్రలో 25 లక్షలు. మా అక్కింటివాళ్లతో ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆవు పోతే వచ్చే పరిహారం కూడా ఆలస్యం కాకూడదు. ఆలస్యమైతే ఆ కోపం పులి మీదకు మళ్లుతుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దిక్కు దరిగాం అడవిలో పులులు చనిపోయినప్పుడు చచ్చిన పశువులో విషం కలిపిన సంగతి బయటపడింది. ఆ విషం పులితో ఆగదు, రాబందునూ తీసుకుపోతుంది.

7. అడవిలో ఉన్నవాళ్లను అడిగాకే గీత గీయాలి.

2025 మే 30న కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అని 49వ నంబరు జీవో వచ్చింది. తాడోబాకూ కవ్వాల్‌కూ మధ్య దారిని కాపాడాలన్నది దాని ఉద్దేశం. ఆదివాసీలు కదిలారు, జూలైలో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. ఆ దారి కావాలని నా పట్టుదల. గోండు గూడేల భయం కూడా నిజమైనదే. ఆ జీవో మళ్లీ కదిలే రోజున ముందు ఊరూరా గ్రామసభ కూర్చోవాలి. పోడు పట్టాలు, పశువుల మేత, ఇప్పపువ్వు, తునికాకు సంగతులు గోండిలో మాట్లాడి తేల్చాలి. అది అయ్యాకనే హైదరాబాద్ ఆఫీసు నుంచి నాగపూర్ ఆఫీసుకు ఉత్తరం వెళ్లాలి.