ఐదేళ్లు వరసగా కప్పు తెచ్చిన హైదరాబాద్ పోలీసు జట్టు

ఉప్పల్ అనంగానే అందరికీ క్రికెట్ స్టేడియమే గుర్తొస్తుంది. మ్యాచ్ ఉన్నరోజు మన పీర్జాదిగూడ రోడ్డు మీద బస్సులు కూడా కదలవు. కానీ ఒకప్పుడు హైదరాబాద్ పేరు దేశమంతా మోగింది ఫుట్‌బాల్‌తోనే.

ఇటలీ దేశంలో ట్యూరిన్ అనే పట్నంలో జువెంటస్ అనే క్లబ్బు ఉంది. 1897లో దాన్ని పెట్టింది హైస్కూలు విద్యార్థులే. ఆ జట్టు 1931 నుంచి 1935 దాకా వరసగా ఐదుసార్లు ఇటలీ ఛాంపియన్ అయ్యింది. అబ్బో అనిపిస్తుంది కదా. మరి మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయిలో అప్పట్లో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

డ్యూరాండ్ కప్పు మన దేశంలో అన్నిటికన్నా పాతది, 1888లో మొదలయ్యింది. దాన్ని కూడా మనవాళ్లు 1950, 1954, 1957, 1961లో గెలిచారు. ఆఖరుసారికి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారింది. 1950లో ఓడించింది ఎవరిని అనుకున్నారు, కలకత్తా మోహన్ బగాన్‌ని!

ఈ జట్టుకు ఆట నేర్పింది సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. బడిలో పంతులు. అందుకే అందరూ రహీమ్ సాబ్ అనేవాళ్లు. ఆయన పోటీలు వింతగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కరే ఉరకకూడదు, వెంటనే పక్కవాళ్లకు ఇచ్చెయ్యాలి. ఇంకొకటి, అలవాటు లేని కాలితోనే కొట్టాలి. నేను ఎడమకాలితో కొట్టి చూశాను, బంతి ఎటో పోతుంది. రోజూ చేస్తే వస్తుందేమో.

రహీమ్ సాబ్ ఇండియా జట్టుకూ కోచ్. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ని 1–0తో ఓడించి బంగారు పతకం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు పోతే యుగోస్లావియా చేతిలో 10–1. మనవాళ్లలో చాలామంది ఆ చలిదేశంలో ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్‌లో అదే ఇండియా నాలుగో స్థానం! 1962 జకార్తాలో దక్షిణ కొరియా మీద 2–1తో మళ్లీ బంగారం. ఆ ఫైనల్లో గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లే. అప్పటికే రహీమ్ సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయారు.

ఆయన పోయాక ఇక్కడి ఆట తగ్గిపోయింది. బాగా ఆడేవాళ్లు కలకత్తా క్లబ్బులకు పోయారు. బలరాం అంతకుముందే ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు, తర్వాత నయీముద్దీన్ కూడా. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని కొత్త క్లబ్బు వచ్చింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. 2025లో దాన్ని ఢిల్లీకి తీసుకుపోయారు. డబ్బు పెట్టినోళ్లు ఎటు పోతే క్లబ్బు అటు పోతుంది కాబోలు.

ఇంకొక పేరు చెప్పాలి, గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా లంబాడీ అమ్మాయి. క్రొయేషియా దేశం పోయి ఆడింది, ఇండియాకు ఆడింది, బలరాం ఆడిన ఆ ఈస్ట్ బెంగాల్‌కే ఆడింది. 2024–25కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి. మా ఊళ్లో అయితే ఆడపిల్ల తొమ్మిదికి వస్తే "ఇంక ఆటలేంది?" అంటారు.

వార్డెన్ మేడం గారికి మనవి: స్టోరు రూములో ఒక ఫుట్‌బాల్ ఉంది. గాలి నిలుస్తలేదు. బ్లాడర్ మార్పిస్తే సాయంత్రం స్టడీ బెల్లు కొట్టేలోపు ఆడుకుంటాము. బూట్లు తర్వాత చూద్దాం.