అడిగి తెలుసుకున్నారు – టీకా వేయించుకున్నారు

మన ఊరు

తగరపువలస విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే పెద్ద రోడ్డు మీద ఉంది. పక్కనే గోస్తనీ నది. ఇంకో పక్క చిట్టివలస. అక్కడ జూట్ మిల్లు ఉండేది. అది 2009లో మూతపడింది. కొద్ది దూరంలో భీమిలి. గోస్తనీ అక్కడ సముద్రంలో కలుస్తుంది.

భీమిలి వైపు నుంచి చేపలు వస్తాయి. పల్లెల నుంచి కూరగాయలు వస్తాయి. అమ్మేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు ఏ రోజు సంపాదన ఆ రోజుదే. గంప దించితే ఇంట్లో పొయ్యి వెలగదు.

జబ్బు వచ్చిన రోజులు

2020లో కరోనా జబ్బు వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బజారు ఆగింది. బస్సు ఆగింది. గంప ఆగింది.

2021 ఏప్రిల్, మే నెలల్లో జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. చాలా ఆసుపత్రుల్లో మంచాలు దొరకలేదు. ఊపిరి అందనివాళ్ళకు ఆక్సిజన్ కావాలి. అది కూడా చాలాచోట్ల దొరకలేదు. మన విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ తయారవుతుంది. 2021 ఏప్రిల్ 22న అక్కడి నుంచి ఒక రైలు బయలుదేరింది. ఆ రైలు ఆక్సిజన్ ట్యాంకర్లను మహారాష్ట్రకు మోసుకుపోయింది. అలా ఆక్సిజన్‌తో బయలుదేరిన రైళ్ళలో దేశంలో అదే మొదటిది.

టీకా వచ్చింది

మన దేశంలో కరోనా టీకా 2021 జనవరి 16న మొదలైంది. ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకు వేశారు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి సూది ఒక పారిశుధ్య కార్మికురాలికే వేశారు.

మార్చి 1 నుంచి అరవై ఏళ్ళు దాటినవాళ్ళకు వేశారు. ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన అందరికీ వేశారు. జూన్‌లో మన రాష్ట్రం ఒక మంచి పని చేసింది. అయిదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ముందు వరసలో టీకా ఇచ్చింది. జూన్ 21 నుంచి దేశంలో పద్దెనిమిదేళ్ళు నిండిన అందరికీ ఉచితం చేశారు.

ఎక్కువగా వేసినవి రెండు టీకాలు. ఒకటి కోవిషీల్డ్. అది పూణేలో తయారైంది. రెండోది కోవాగ్జిన్. అది హైదరాబాదులో తయారైంది.

టీకా వచ్చింది. కానీ అందరూ పరుగున పోలేదు. ఎందుకు? ఈ పాఠంలో ముగ్గురు ఆడవాళ్ళ మాటలు ఉన్నాయి. వాళ్ళ పేర్లు రాయలేదు. అలాంటి మాటలు ఆ రోజుల్లో మన వీధుల్లో చాలా ఇళ్ళల్లో వినిపించాయి.

చేపలత్త ప్రశ్న

చేపలత్తకు యాభై ఏళ్ళు. ఏప్రిల్‌లో నర్సమ్మ వీధికి వచ్చి పిలిచింది. అత్త కదలలేదు.

“సూదికి నాను బయపడను నర్సమ్మా. రోజూ ముల్లు గుచ్చుకునే సెయ్యే ఇది. మరి జొరం వస్తే రెండ్రోజులు పడుకోవాలంట కదా. ఆ రెండ్రోజులూ నా గంప ఎవులు మోస్తారు? నా అప్పు ఎవులు కడతారు?”

నర్సమ్మ కోప్పడలేదు. పక్కన కూర్చుని చెప్పింది.

“జ్వరం రావచ్చు అత్తా. అందరికీ రాదు. వస్తే ఒకటి రెండు రోజులు ఉంటుంది. పారాసెటమాల్ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. అదే కరోనా వస్తే? రెండు వారాలు గంప దించాల్సిందే. ఆసుపత్రి పాలైతే ఆ ఖర్చు ఎవరు పెడతారు?”

అత్త ఆలోచించింది. వీధిలో చేపలమ్మేవాళ్ళు నలుగురు. నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకే రోజు అందరూ వెళ్ళకూడదనుకున్నారు. వంతులు వేసుకున్నారు. ముందు ఇద్దరు వెళ్ళారు. నాలుగు రోజుల తరువాత మిగతా ఇద్దరు వెళ్ళారు. పడుకున్నవాళ్ళ చేపలు తిరుగుతున్నవాళ్ళు అమ్మి పెట్టారు.

సూది వేసిన రాత్రి అత్తకు చెయ్యి బరువెక్కింది. చలిజ్వరం వచ్చింది. పక్కింటామె గంజి కాచి ఇచ్చింది. మర్నాడు సాయంత్రానికి జ్వరం తగ్గింది. మూడో రోజు అత్త గంప ఎత్తింది.

తరువాత ఇంకో చిక్కు వచ్చింది. అత్త వేసుకున్నది కోవిషీల్డ్. రెండో సూదికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు రమ్మన్నారు. మే 13న ఆ గడువు మారింది. పన్నెండు నుంచి పదహారు వారాలు అన్నారు.

“మాట మారుస్తున్నారు. మందులో ఏదో ఉంది కామోసు” అంది అత్త.

గడువు పెంచితే రక్షణ ఇంకా బాగా వస్తుందని నిపుణులు తేల్చారు. అందుకే మార్చారు. ఆ రోజుల్లో టీకాకు కొరత కూడా ఉంది. ఈ సంగతి విడమరచి చెప్పాక అత్త ఊరుకుంది. గడువుకు వెళ్ళి రెండో సూది వేయించుకుంది.

చంటిబిడ్డ తల్లి ప్రశ్న

చంటిబిడ్డ తల్లికి ఇరవై మూడేళ్ళు. చంకలో ఆరు నెలల పాప. తల్లుల వంతు జూన్‌లో వచ్చింది. అత్తగారు వద్దంది. “బిడ్డ నీ పాలు తాగుతోంది. ఏదైనా అయితే?” అంది.

కేంద్రం దగ్గర వరసలో మగవాళ్ళు కూడా ఉన్నారు. ఆ తల్లి సిగ్గుపడింది. నర్సమ్మను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది.

“అక్కా, మందు పాలల్లోకి దిగదా? మళ్ళీ పిల్లలు పుట్టరంట, నిజమేనా? నెలసరి రోజుల్లో వేసుకోకూడదంట కదా?”

నర్సమ్మ ఒక్కొక్క దానికీ జవాబు చెప్పింది.

“ఈ టీకాల్లో బతికున్న కరోనా పురుగు లేదు. కాబట్టి పాల వల్ల బిడ్డకు జబ్బు రాదు. నీ ఒంట్లో తయారైన రక్షణ కొంత పాలతో బిడ్డకు కూడా అందుతుంది. పాలు మానొద్దు. పిల్లలు పుట్టరన్న మాట అబద్ధం. నెలసరి రోజుల్లో కూడా వేసుకోవచ్చు. కొందరికి ఆ నెల ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. తరువాత సర్దుకుంటుంది.”

పాలిచ్చే తల్లులు టీకా వేసుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2021 మే 19న చెప్పింది. గర్భిణులు కూడా వేసుకోవచ్చని జూలై 2న చెప్పింది.

ఆ తల్లి జూన్ 20న టీకా వేయించుకుంది. ఆ ఒక్క రోజే మన రాష్ట్రంలో 13 లక్షలకు పైగా సూదులు వేశారు. సూది అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టారు. ఎందుకంటే కొద్దిమందికి మందు పడదు. అలా పడకపోతే ఎక్కువగా ఆ అరగంటలోనే తెలుస్తుంది. వెంటనే వైద్యం చెయ్యవచ్చు.

పెద్దమ్మ ప్రశ్న

పెద్దమ్మకు అరవై దాటాయి. ఆమె భర్త జూట్ మిల్లులో పనిచేశాడు. ఆమెకు షుగరు ఉంది. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు. టీకా కోసం పేరు రాయించినప్పుడు కొడుకు ఫోను నంబరు ఇచ్చింది.

రెండో సూది ఎప్పుడో ఫోనుకు కబురు వస్తుందన్నారు. కబురు వచ్చింది. కానీ హైదరాబాదుకు వచ్చింది. పనిలో పడి కొడుకు చూడలేదు. గడువు దగ్గరపడింది. పెద్దమ్మకు తెలియలేదు.

ఒక రోజు ఆమె తనంతట తానే కేంద్రానికి వెళ్ళింది.

“నా ఒంటికి వేసిన మందు కదా అమ్మా. తారీకు నా దగ్గర లేకపోతే ఎలాగ? ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇయ్యి” అని అడిగింది.

నర్సమ్మ రాసి ఇచ్చింది. పేరు, టీకా పేరు, మొదటి తేదీ, రెండో తేదీ. పెద్దమ్మ ఎప్పుడో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూడబలుక్కుని నాలుగు వరసలూ చదివింది. కాగితాన్ని రేషన్ కార్డుతో కలిపి పెట్టెలో దాచింది. ఆ తేదీకి ఎవరూ పిలవకుండానే వెళ్ళింది.

ఆడవాళ్ళు ఎందుకు వెనకపడ్డారు?

2021 జూన్ నాటికి దేశంలో టీకా వేయించుకున్నవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు తక్కువ. భయం ఒక్కటే కారణం కాదు. చాలా ఇళ్ళల్లో ఫోను మగవాళ్ళ చేతిలో ఉంటుంది. పేరు రాయించాలంటే వాళ్ళే రాయించాలి. కూలి పోతుందన్న బెంగ ఉంటుంది. తాను పడుకుంటే వంట ఎవరు చేస్తారన్న దిగులు ఉంటుంది. ఈ చిక్కులు తీరితే ఆడవాళ్ళు వస్తారు.

టీకా ఎలా పని చేస్తుంది?

ఊరికి కొత్త దొంగ వస్తే కాపలావాడు గుర్తు పట్టడు. దొంగ ఆనవాలు ముందే తెలిస్తే గుమ్మంలోనే పట్టుకుంటాడు. మన ఒంట్లో కూడా కాపలా ఉంది. టీకా ఆ కాపలాకు జబ్బు ఆనవాలు చూపిస్తుంది. జబ్బును మాత్రం తేదు.

టీకా వేసుకున్నా ఒక్కోసారి కరోనా వస్తుంది. అయితే దొంగ ఇల్లంతా దోచేలోపే పట్టుబడతాడు. అంటే జబ్బు ముదరడం, ప్రాణం పోవడం బాగా తగ్గుతాయి.

టీకాతో ఎవరికీ ఏమీ కాదు అని చెప్పకూడదు. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్ళలో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చింది. కరోనా వల్ల పోయిన ప్రాణాలతో పోలిస్తే అది చాలా తక్కువ. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అప్పుడే జనానికి నమ్మకం కుదురుతుంది.

టీకా మనకు కొత్త కాదు. పూర్వం మశూచి వస్తే “అమ్మవారు పోసింది” అనేవారు. ఊళ్ళకు ఊళ్ళు పాడయ్యేవి. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు దానికి టీకా వేసి చూపించాడు. 1980లో ప్రపంచంలో మశూచి లేదని ప్రకటించారు. మన ముసలివాళ్ళ చేతి మీద ఆ టీకా మచ్చ ఇంకా ఉంది. మన దేశంలో సహజ పోలియో కూడా అలాగే పోయింది. దాని చివరి కేసు ఇక్కడ 2011 జనవరిలో వచ్చింది.

ఇప్పుడు

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న చెప్పింది. మన దేశంలో మొత్తం 220 కోట్లకు పైగా సూదులు వేశారు. జబ్బు పూర్తిగా పోలేదు. కానీ ఆనాటి భయం లేదు.

పిల్లల టీకాలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. గర్భిణుల టీకాలు ఉంటాయి. కొత్త మందులు వస్తూ ఉంటాయి. వాటితో పాటు పుకార్లు కూడా వస్తాయి. పుకారు విని ఆగిపోవద్దు. ఎవరో చెప్పారని కళ్ళు మూసుకుని వెళ్ళనూ వద్దు. నర్సమ్మను అడగండి. డాక్టరును అడగండి. ఇది ఏ మందు? ఎందుకు? వేశాక ఏమవుతుంది? మళ్ళీ ఎప్పుడు రావాలి? ఈ నాలుగు ప్రశ్నలు అడగడం మీ హక్కు. అడగడం తప్పు కాదు, సిగ్గు కాదు. జవాబు కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆలోచించండి – చెప్పండి

1. చేపలత్త మొదట ఎందుకు వెళ్ళలేదు? ఆమె చిక్కు ఎలా తీరింది?
2. మీ వీధిలో ఒకరికి జబ్బు చేస్తే పని వంతులు వేసుకుంటారా?
3. పెద్దమ్మ కాగితం ఎందుకు అడిగింది?
4. టీకా గురించి మీరు విన్న పుకారు ఏమిటి? అది నిజమో కాదో ఎవరిని అడిగారు?

లెక్క చెయ్యండి

చంటిబిడ్డ తల్లి 2021 జూన్ 20న, ఆదివారం, కోవిషీల్డ్ వేసుకుంది. 12 వారాలు నిండాక రెండో సూదికి రమ్మన్నారు. 12 వారాలంటే 84 రోజులు. ఆమె ఏ తేదీ నుంచి వెళ్ళవచ్చు? అది ఏ వారం?
(జవాబు: సెప్టెంబరు 12. అదీ ఆదివారమే.)

రాయండి

మీ ఇంట్లో చిన్నపిల్లల టీకా కార్డు తీసుకోండి. పిల్ల పేరు, వేసిన టీకా పేరు, తరువాతి తేదీ మీ చేత్తో పుస్తకంలో రాయండి.

కొత్త మాటలు

టీకా – జబ్బు రాకుండా, ముదరకుండా ముందే ఇచ్చే మందు
గడువు – ఒక పనికి పెట్టిన సమయం
పుకారు – నిజమో కాదో తెలియకుండా పాకే మాట
ఆనవాలు – గుర్తు
నిపుణులు – ఒక విషయం బాగా తెలిసినవాళ్ళు