ఆష్‌ఖానాలో ఒక పూట – నాచారంలో ఒక చాయ్

‘ఖానా’ అనే మాట మన ప్రాంతం వాళ్లకు కొత్తది కాదు. జబ్బు చేస్తే దవాఖానాకు పోతాం. పనికి కార్ఖానాకు పోతాం. సికింద్రాబాదులో కార్ఖానా అని ఒక బస్తీయే ఉంది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో పుట్టింది. అప్పటి దాని పేరు కుతుబ్‌ఖానా ఆసఫియా. కారకోరం పర్వతాల కవతల, చైనా పశ్చిమాన కాష్గర్, యార్కండ్, తుర్ఫాన్ ప్రాంతాలలో ఉయిఘూర్లు అనే తుర్కీ జాతి ప్రజలున్నారు. 2020 జనాభా లెక్కల ప్రకారం షింజియాంగ్ రాష్ట్రంలో వారి సంఖ్య సుమారు 1 కోటి 16 లక్షలు. వాళ్ల భాషలో గ్రంథాలయం కుతుప్‌ఖానా, ఆసుపత్రి దోఖ్తుర్‌ఖానా, టీ దుకాణం చాయ్‌ఖానా. అన్నం తినే చిన్న హోటలు ఆష్‌ఖానా. ‘ఆష్’ అంటే తిండి.

తిండి గురించి సావనీరులో వ్యాసమేమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మన కాలేజీ మెట్ల మీద జరిగిన చర్చల కన్నా తార్నాక, హబ్సీగూడ, నాచారం హోటళ్లలో జరిగిన చర్చలే ఎక్కువని పాత విద్యార్థులందరికీ తెలుసు.

2019లో ఒక సదస్సు పనిమీద ఇస్తాంబుల్ వెళ్లాను. అక్కడ జైతిన్‌బుర్ను అనే పేట ఉంది. మధ్య ఆసియా నుంచి వలస వచ్చినవారు ఎక్కువగా ఉండే చోటు. సాయంత్రం ఆకలితో తిరుగుతూ ఒక చిన్న ఆష్‌ఖానాలో దూరాను. ఆరు బల్లలు, ప్లాస్టిక్ గుడ్డలు, గోడకు ఒక ఎడారి బొమ్మ, మూలకు టీవీ. నాకు తుర్కీ రాదు, యజమానికి ఇంగ్లీషు రాదు. కూర్చోగానే అడగకుండానే చెవి లేని చిన్న గిన్నెలో పాలు లేని చాయ్ తెచ్చిపెట్టాడు. నేను గిన్నె చూపించి ‘పియాలా?’ అన్నాను. ఆయన ఆగిపోయి, నవ్వి, ‘పియాలె!’ అన్నాడు. అంతే, అక్కణ్ణుంచి పరీక్ష మొదలైంది. రొట్టె చూపించి ‘నాన్’ అన్నాను, ఆయనా ‘నాన్’ అన్నాడు. ఉల్లిపాయ – పియాజ్. మాంసం – మనకు గోష్త్, వారికి గోష్. దానిమ్మ – అనార్. బాదం – బాదామ్. జీలకర్ర – ఉర్దూలో జీరా, వాళ్ల దగ్గర జీరె. బల్ల మీద పరిచే గుడ్డ మన పాతబస్తీలో దస్తర్‌ఖాన్, వారికి దస్తిఖాన్. వంట చేసే ఉస్తాద్‌కు వాళ్లు ఉస్తా అంటారు. పది నిమిషాల్లో ఇద్దరం ఒకే ఊరివాళ్లలాగా అయిపోయాం.

ఈ మాటల్లో చాలావరకు ఇద్దరికీ పారశీకం నుంచి వచ్చినవే. పారశీకం ఒక వైపు గోలకొండకు, ఒక వైపు కాష్గర్‌కు నడిచి వెళ్లింది. కుతుబ్‌షాహీ వంశానికి ఆద్యుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన తుర్కుమాన్. 1724లో ఆసఫ్‌జాహీ పాలనకు పునాది వేసిన నిజాముల్‌ముల్క్ తాతగారి కుటుంబం సమర్‌ఖండ్ ప్రాంతానిది. ఆ తాత ఔరంగజేబు సైన్యంతో వచ్చి 1687 గోలకొండ ముట్టడిలో చనిపోయాడు. సైన్యం వెంట వంటవాళ్లు రాకుండా ఉంటారా?

ఇక భోజనం సంగతి. మొదట వచ్చింది సమ్సా. మన సమోసాకు అన్న వరస. కాని నూనెలో వేయించరు. సన్నగా తరిగిన గొర్రె మాంసం, కొవ్వు, ఉల్లి, జీలకర్ర కలిపి పిండిలో మడిచి, తొనూర్ లోపలి గోడకు అంటించి కాలుస్తారు. తొనూర్ అంటే మన తందూరే. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా సుల్తాను విందులో ‘సంబూసక్’ తిన్నట్టు రాశాడు. అది ఇటు వచ్చి నూనెలో పడింది. ఆలుగడ్డ తర్వాతి కాలపు చేరిక. హైదరాబాదు పెళ్లిళ్లలో పెట్టే లుఖ్మీ, అదే నలుచదరంగా ఖీమా పెట్టి చేసేది, సమ్సాకు ఇంకా దగ్గరి చుట్టం అని నా అభిప్రాయం. రొట్టెల్లో గూడా అంతే. ఉయిఘూర్ నాన్ గుండ్రంగా, అంచు లావుగా, నడుమ పలచగా ఉంటుంది. నడుమ భాగం పొంగకుండా ముళ్ల అచ్చుతో పొడిచి పువ్వు వేస్తారు. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు పొందింది నాలుగు మూలల నాన్‌తో, అంటే చార్ కోనీ నాన్‌తో. ఆకారం వేరు గాని, భట్టీ గోడకు అంటించే పద్ధతి ఒకటే.

తర్వాత పోలో. మన పులావ్. పెద్ద కజాన్‌లో కొవ్వు కాచి, మాంసం వేయించి, ఉల్లి, కారట్లు బోలెడన్ని వేసి, నీళ్లు పోసి, పైన బియ్యం పరిచి మూత పెడతారు. మసాలా అంటే జీలకర్రే. మిరపకాయ లేదు, పుదీనా లేదు, లవంగం లేదు. కచ్చీ బిర్యానీ నాలుకతో వెళ్లినవాడికి మొదటి ముద్ద చప్పగానే తోస్తుంది. మూడో ముద్దకు కారట్ తీపి, కొవ్వు రుచి తెలుస్తాయి. సంప్రదాయంగా దాన్ని చేత్తోనే తింటారు; చైనీయులు దానికి పెట్టిన పేరుకు అర్థమే ‘చేత్తో పట్టుకునే అన్నం’. నేను చెంచా పక్కన పెట్టి చేత్తో కలిపేసరికి యజమాని వంటింట్లోకి కేకేసి ఎవరినో పిలిచి చూపించాడు. ఎందుకో కొంచెం సిగ్గు వేసింది.

లగ్మాన్ మాత్రం మనకు పోలిక దొరకని వస్తువు. ఉప్పు వేసి పిసికిన గోధుమపిండిని నానబెట్టి, నూనె రాసి, తాడులాగా చుట్టి పెడతారు. ఆర్డరు ఇచ్చాకే దాన్ని లాగి లాగి, రెండు చేతుల మధ్య చుట్టి, బల్ల మీద ఠపీమని కొట్టి, పొడుగాటి తీగలు చేసి మరిగే నీళ్లలో వేస్తారు. పైన మాంసం, కాప్సికం, టమాటా వేపుడు పోస్తారు. ఆ పేరు గూడా బయటిదే, చైనా ‘లామియెన్’ నుంచి వచ్చిందంటారు. దానికొక ఆధారం ఉంది: తుర్కీ కుటుంబపు అచ్చమాటలు లకారంతో మొదలు కావు. భాషాశాస్త్రం చదివే మిత్రులకు ఇది వినగానే మన సంగతి గుర్తుకు రావాలి. మూల ద్రావిడంలోనూ పదాది లకారం లేదు. మన ‘లో’, ‘లేదు’ అన్నవి ‘ఉళ్’, ‘ఇల్’ వంటి మూలాలలో అచ్చు, హల్లు స్థానాలు మారి ఏర్పడ్డవి. అన్నట్టు, ఉప్పల్ చౌరస్తాలో సాయంత్రం పూట ఆవిరి డబ్బాల్లో అమ్మే మోమోకు గూడా ఆష్‌ఖానాలో ఒక బంధువుంది, పేరు మంతా.

భోజనం అయ్యాక యజమాని మేనల్లుడు వచ్చాడు, ఇంగ్లీషు తెలిసినవాడు. వాళ్లది కాష్గర్ దగ్గర పల్లె. ఊరిలో ఎవరెవరున్నారని మామూలుగా అడిగాను. అడగవలసింది కాదు. 2017 నుంచి ఫోన్లు లేవన్నాడు. ‘మీరు చేయవద్దు’ అని వాళ్లమ్మే చివరిసారి చెప్పి పెట్టేసిందట. ఆ ఏడాది నుంచి అక్కడ పెద్ద ఎత్తున నిర్బంధ శిబిరాలు నడిచాయి. అవి వృత్తి శిక్షణ కేంద్రాలని, తీవ్రవాదాన్ని అరికట్టడానికేనని చైనా ప్రభుత్వం అన్నది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న వెలువరించిన నివేదికలో, అక్కడ జరిగినవి మానవాళిపై నేరాలు కావచ్చునని పేర్కొన్నది. మేనల్లుడు ఇవేవీ వాదించలేదు. వంటింట్లోకి చూపించి, ‘మామ లగ్మాన్ లాగేటప్పుడు ఊరి మాట మాట్లాడతాడు, బయట తుర్కీ’ అన్నాడు. ఆ హోటలుకు వచ్చేవాళ్లలో సగం మంది తినడానికి గాక మాట్లాడడానికే వస్తారట. పిల్లలు బడిలో తుర్కీ చదువుతారు. సమ్సాను సమ్సా అని పిలిచే చోటు ఇల్లు కాక ఇదొక్కటే.

నాచారంలో దీనికి సమానమైనది ఏది అని తిరిగి వచ్చాక ఆలోచించాను. హైదరాబాదులో ఉయిఘూర్ హోటలు నాకు తెలిసి లేదు. దగ్గరిది ఇరానీ హోటలే. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యజ్ద్ వంటి ఊళ్ల నుంచి బొంబాయి మీదుగా, పేదరికంతో కొందరు, మత బాధతో కొందరు వచ్చినవాళ్లు పెట్టినవి. వాళ్లలో జొరాస్ట్రియన్లూ ఉన్నారు, షియా ముస్లిములూ ఉన్నారు. ఆబిడ్స్ గ్రాండ్ హోటలు 1935 నాటిది. సికింద్రాబాదు స్టేషను ఎదుటి ఆల్ఫా సంగతి రైలు దిగిన ప్రతివాడికీ తెలుసు. మన తూర్పు దిక్కుకు ఆ తరహా హోటలు కార్ఖానాల వెంట వచ్చింది. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల షిఫ్టు కార్మికులు, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉద్యోగులు, రామకృష్ణ స్టూడియోకు వేషాల కోసం వచ్చే కుర్రాళ్లు, మల్కాజిగిరి రైల్వేవాళ్లు, మన హాస్టలు విద్యార్థులు అందరూ ఒకే బల్లకు కూర్చున్నారు. తెలియని మనిషి ఎదుట కూర్చొని వన్ బై టూ తాగడం మనకు ఆ హోటలే నేర్పింది.

దాని పని తీరు చూడండి. డికాక్షన్ ఒక గిన్నెలో గంటల తరబడి సన్నసెగ మీద దమ్ములో ఉంటుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడుతూ ఉంటాయి. కప్పులోనే కలుస్తాయి. పాలు ఎక్కువ కావాలంటే పౌనా. సప్లయర్ ‘క్యా హోనా సాబ్?’ అంటాడు, మనం ‘దో చాయ్, ఏక్ ప్లేట్ బిస్కెట్’ అంటాం. తినడం అయ్యాక బిల్లు కాగితం ఉండదు. మన వెనకనుంచి గల్లా దగ్గరికి ఒక కేక వెళుతుంది, మనం అక్కడికి చేరేసరికి యజమానికి లెక్క తెలిసి ఉంటుంది. ఉయిఘూర్ ఆష్‌ఖానాలో గూడా అచ్చం ఇట్లాగే కేక వేశారు!

మరి ఈ హోటళ్లు ఎందుకు తగ్గుతున్నాయి? మెట్రో వచ్చిందని కొందరు అంటారు. 2017 నవంబరులో నాగోలు నుంచి రైలు నడిచిన తర్వాత ఉప్పల్, హబ్సీగూడ దారిలో స్థలాల ధరలు పెరిగిన మాట నిజమే. యజమానుల పిల్లలు వేరే చదువులు చదివారు, అదీ నిజమే. కాని అసలు లెక్క కుర్చీ దగ్గర ఉంది. ఒక చాయ్ మీద గంట కూర్చునే మనిషి వల్ల మూల దుకాణం అద్దె గిట్టదు. నిలబడి తాగే చాయ్ బండికి ఆ బెడద లేదు. గంటకు వంద కప్పులు పోయినా ఎవరూ కూర్చోరు. చాయ్ అమ్మకం తగ్గలేదు, పెరిగింది. పోయింది కుర్చీ. కుర్చీతోపాటు ఎదుటి కుర్చీలోని తెలియని మనిషి గూడా పోయాడు. జైతిన్‌బుర్నులో ఆ ఆరు బల్లలు పోతే ఏం పోతుందో మేనల్లుడికి తెలుసు. మన దగ్గర పోయేది అంత బాధాకరం కాదు, ఆ రెంటినీ ఒకే త్రాసులో వేయడం అన్యాయం. కాని మాటల విషయంలో మాత్రం నష్టం ఒకే రకమైంది. పౌనా అన్న మాట మా క్లాసులో ముప్ఫై మందిని అడిగితే ఆరుగురికి తెలిసింది.

మన విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర విభాగంలో ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి నుంచి వ్యవసాయపు మాటలు సేకరించి మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని 1962లో తెచ్చారు. అదే పద్ధతిలో మన విద్యార్థులు హోటలు మాటలు సేకరించవచ్చు. భట్టీ దగ్గర మనిషిని ఏమంటారు, బిస్కెట్ల పేర్లు ఎన్ని, అరువు లెక్క ఎట్లా రాస్తారు, కప్పు పగిలితే ఏమంటారు – ఇవి ఏ పుస్తకంలోనో వెతికేవి కావు, అడిగి రాసుకునేవి. ఉర్దూ తెలిసిన ఒకరు, తెలుగు ఒకరు జంటగా వెళితే మేలు. ఎందుకంటే ఉస్తాద్ ఒక మాట ఉర్దూలో చెబుతాడు, పాత్రలు కడిగే మనిషి అదే వస్తువుకు తెలంగాణ మాట చెబుతాడు.

హబ్సీగూడ చౌరస్తా నుంచి నాచారం వైపు నడిస్తే పాత బల్లలున్న హోటలు ఒకటి రెండు ఇంకా కనిపిస్తాయి. పొద్దున ఐదింటికి, షిఫ్టు మారే ముందు వెళ్లండి. ఎనిమిది దాటితే ఉస్తాద్‌కు మాట్లాడే తీరిక ఉండదు.