పోలవరానికి లింకు డాక్యుమెంట్లు

సెల్‌ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి 150ని 0.3048తో గుణించండి. 45.72 వస్తుంది. 135ని గుణిస్తే 41.15కి అటూ ఇటూగా వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఏళ్లుగా నడుస్తున్న వాదనంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. రాత్రి టీవీ చర్చలో ఒకరు ‘పోలవరం ఎత్తు తగ్గించేశారు’ అంటారు, ఇంకొకరు ‘అంగుళం కూడా తగ్గలేదు’ అంటారు. ఎవరికి నచ్చిన మాట వాళ్లు పట్టుకుని పడుకుంటారు. ఆ అంకెలు అడుగుల్లోంచి మీటర్లలోకి వచ్చినవనీ, 45.72 పూర్తి నిల్వ మట్టమనీ, 41.15 కాలువలకు నీరు వదలడానికి ఉండాల్సిన కనీస మట్టమనీ నాకు చాలాకాలం తెలియదు. ఆ రెండు మట్టాల మధ్య నిలిచే నీరు దాదాపు 75 టీఎంసీలు. డ్యాం ఎత్తు వేరు, నీటిని నిలిపే మట్టం వేరు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు చర్చలు పనికిరాలేదు, కాగితాలు పనికొచ్చాయి. ఆ కాగితాలను ఏ వరసలో, ఎలా చదవాలో చెబుతాను.

మనకు ఇది కొత్త పనేమీ కాదు. ఎకరం పొలం కొనాలంటే అమ్మేవాడి మాట మీద బయానా ఇచ్చేస్తామా? లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఈసీ తీయిస్తాం. అడంగల్, 1బి చూస్తాం. సరిహద్దులు సరిపోయాయో లేదో సర్వేయరుతో కొలిపిస్తాం. మన డెల్టా నీటి సంగతిలోనూ అంతే జాగ్రత్త పడాలి.

మొదట ఒక నోటు పుస్తకంలో ప్రశ్న రాసుకోండి. ‘పోలవరం సంగతేంటి’ అంటే ఏ కాగితమూ జవాబు చెప్పదు. ‘ఖర్చు ఎవరు పెట్టుకోవాలి’ అని రాయండి. ‘నీళ్లు ఏ మట్టం దాకా నిలపవచ్చు’ అని రాయండి. ప్రశ్న ఎంత చిన్నదైతే కాగితం అంత త్వరగా దొరుకుతుంది.

రెండో పని, కాగితాలను తేదీల వారీగా పేర్చుకోవడం. పోలవరానికి మూల దస్తావేజు బచావత్ ట్రైబ్యునల్ తీర్పు. గోదావరి జలాల పంపకం మీద 1969లో వేసిన ఆ ట్రైబ్యునల్ 1980 జులై 7న తుది తీర్పు ఇచ్చింది. రాష్ట్రాల మధ్య కుదిరిన ఒప్పందాలన్నీ దానికి జతచేసి ఉన్నాయి. పోలవరం నుంచి కృష్ణకు మళ్లించే 80 టీఎంసీల్లో 45 ఆంధ్రప్రదేశ్‌కు, మిగతా 35 కర్ణాటక, మహారాష్ట్రలకు అన్న పంపకం 1978 ఆగస్టు ఒప్పందంలోది. 150 అడుగుల మట్టం ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒడిశాలు 1980 ఏప్రిల్ 2న చేసుకున్న ఒప్పందంలోది. దాని తర్వాత 2014 పునర్విభజన చట్టం. తర్వాత కేంద్ర ఆర్థిక శాఖ 2016 సెప్టెంబరు 30న రాసిన లేఖ. ఆ పైన 2024 ఆగస్టు 28 నాటి కేంద్ర మంత్రిమండలి నిర్ణయం. చట్టం ఇండియా కోడ్ సైటులో ఉంటుంది. మిగతావాటి సారం చాలావరకు లోక్‌సభ, రాజ్యసభ సైట్లలో జలశక్తి మంత్రి రాతపూర్వకంగా ఇచ్చిన జవాబుల్లో దొరుకుతుంది. సభలో అరుపులు టీవీలో వస్తాయి, ఆ జవాబులు రావు. ఎంపీ అడిగిన ప్రశ్న, మంత్రి ఇచ్చిన జవాబు కలిపి మహా అయితే రెండు మూడు పేజీలు ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అంతకంటే మంచి కాగితం లేదు.

మూడో పని చదవడం. ఇక్కడ తొందర పనికిరాదు. ఒక్క సెక్షన్ ఎలా చదవాలో చూద్దాం. పునర్విభజన చట్టంలో సెక్షన్ 90 పోలవరానిది. ఉపసెక్షన్లు నాలుగే. మొదటిది దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటిస్తుంది. అందరికీ తెలిసింది ఇదే. మూడోది తెలంగాణ సమ్మతి ఇచ్చినట్టే భావించాలంటుంది. నాలుగోది కేంద్రమే ప్రాజెక్టు కట్టాలని, పర్యావరణ, అటవీ, పునరావాస అనుమతులు కూడా తనే తేవాలని చెబుతుంది. నేను రెండోదాని దగ్గర ఆగిపోయాను. ప్రాజెక్టు నియంత్రణను, అభివృద్ధిని కేంద్రం తన చేతిలోకి తీసుకోవడం ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమని చెప్పి, వాక్యం చివర ‘సాగునీటి అవసరాల కోసం’ అని ముగిస్తుంది. ఆ చివరి మాటను పెన్సిల్‌తో గీసుకోండి.

ఇప్పుడు 2016 లేఖ దగ్గరకు రండి. 2014 ఏప్రిల్ 1 తర్వాత సాగునీటి విభాగానికి మిగిలిన ఖర్చును నూటికి నూరు శాతం కేంద్రం ఇస్తుందని, అదీ ఆ తేదీ నాటికి ఉన్న సాగునీటి విభాగం ఖర్చు మేరకేనని అందులో ఉంది. ‘నూటికి నూరు’ అన్న మాట హెడ్డింగుల్లోకి వచ్చింది. ‘మేరకు’ అన్న మాట రాలేదు. 960 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఆ విభాగంలోకి రాదు. జాతీయ ప్రాజెక్టు అంటే ప్రతి రూపాయీ ఢిల్లీదే అని నేను ఎన్నో ఏళ్లు అనుకున్నాను, పదిమందికి చెప్పాను కూడా. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక ఆ మాట మళ్లీ అనలేదు. కేంద్రం చేసింది న్యాయమా కాదా అన్నది వేరే వాదన. ఆ వాదన చేసేవాళ్లకు కూడా ముందు ఈ రెండు వాక్యాలు తెలిసి ఉండాలి. చట్టం చదివేటప్పుడు ‘చేయాలి’ అని ఉందా, ‘చేయవచ్చు’ అని ఉందా చూసుకోండి. ‘మేరకు’, ‘లోబడి’, ‘తప్ప’ లాంటి చిన్న మాటల్లోనే సగం సంగతి ఉంటుంది.

ఇంగ్లీషు కదా అని వెనకాడవద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంక గ్రామాల్లో బడి ముఖం చూడని పెద్దలు కూడా చెబుతారు. భద్రాచలంలో 43, 48, 53 అడుగుల లెక్క విని పశువులను ఎప్పుడు గట్టెక్కించాలో నిర్ణయించుకుంటారు. అది మూల సమాచారం చదవడమే. చట్టం చదవడానికి ఊళ్లో డిగ్రీ చదివే పిల్లనో, రిటైరైన మాస్టారినో పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం తెలుగులో రాసుకోండి. నేను అలాగే చేశాను.

నాలుగోది అంకెల పేజీ. అంకె, అది దేనికి, ఏ తేదీది, ఏ కాగితంలోది అని నాలుగు గడులు గీయండి. ఇది లేకపోతే మోసపోతాం. బచావత్ తీర్పులో స్పిల్‌వే సామర్థ్యం 36 లక్షల క్యూసెక్కులు. తర్వాత కేంద్ర జలసంఘం లెక్కలతో కట్టింది 50 లక్షలకు. రెండు అంకెలూ నిజమే, తేదీలు వేరు. ఒడిశా 2007లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం అర్థం కావాలంటే ఈ తేడా తెలియాలి. ఖర్చూ అంతే. 2010-11 ధరల్లో 16,010.45 కోట్లు, 2017-18 ధరల్లో 55,548.87 కోట్లు, 2024లో మంత్రిమండలి 41.15 మీటర్ల వరకు ఒప్పుకున్నది 30,436.95 కోట్లు. ఏ ఏటి ధరలో, ఏ మట్టం వరకో చెప్పకుండా ఎవరైనా ఒక అంకె విసిరితే దాన్ని పుస్తకంలోకి ఎక్కించకండి.

ఆ 55 వేల కోట్ల అంచనాను విడదీసి చూస్తే భూసేకరణ, పునరావాసాలకే 33 వేల కోట్లకు పైగా ఉంది. ఆ వరస చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ప్రాజెక్టు అంటే మనకు గేట్లు, కాంక్రీటు కనిపిస్తాయి. కాగితంలో సగానికి పైగా మనుషులు ఉన్నారు. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు, దేవీపట్నం వైపు ఊళ్లు ఉన్నాయి. 41.15కీ 45.72కీ మధ్య తేడా వాళ్లకు టీఎంసీలు కాదు, ఇంటి గడప.

సవరణలను మరవొద్దు. 2014 మార్చి 1 నాటి చట్టాన్ని మాత్రమే చదివితే, దేవీపట్నం తప్ప పైన చెప్పిన మండలాలు ఏ రాష్ట్రంలోవో తప్పుగా అర్థమవుతుంది. మొదట 2005 నాటి జీవో 111లోని ముంపు గ్రామాల వరకే ఆంధ్రలో ఉంచారు. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో పార్లమెంటు సవరణ చేసి మండలాలనే ఆంధ్రలో కలిపింది.

కాగితం దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘వివరాలు ఇవ్వండి’ అని రాయకండి, ‘ఫలానా తేదీ నాటి ఫలానా ఉత్తర్వు నకలు ఇవ్వండి’ అని రాయండి. ఫైలును వెళ్లి చూసే హక్కు కూడా ఉంది, మొదటి గంట ఉచితం.

ఇదంతా అయ్యాక పత్రిక చదవండి. కాగితంలో ‘కాలనీ పూర్తయింది’ అని ఉన్నచోట కొళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో వెళ్లి చూసేది విలేకరే. ఆ పని ఏ జీవో చేయదు. మండల విలేకరి రాసిన నాలుగు వాక్యాలను స్టూడియోలో కూర్చున్నవాళ్ల గంట మాటలతో కలపకండి.

ఈ ఆదివారం సెక్షన్ 90 తీయండి. చదవడానికి పది నిమిషాలు పట్టదు. రెండో ఉపసెక్షన్‌ను మీ తెలుగులో రాసి, ఇంట్లోవాళ్లకు పైకి చదివి వినిపించండి.